పాతబొమ్మలు తీసివేయి

మన ఇల్లు
నవంబరు మొదట్లో

అత్తయ్యగారికి,

ఉత్తరం ఎలా మొదలుపెట్టాలని ఆయన్ని అడిగాను. "మా అమ్మకా? ఎలా మొదలుపెట్టినా తిట్టనే తిడుతుంది, నీ ఇష్టం" అన్నారు. అందుకని ఇలాగే మొదలుపెట్టేశాను.

మొన్న ఫోన్లో మీరు "నీ ఊఁలు వినడానికి ఇంత దూరం నుంచి ఫోను చేయాలా? రేపట్నుంచి ఉత్తరం రాయి. కాగితం మీద ఉట్టి ఊఁ రాసి పంపలేవు కదా" అన్నారు. ఫోను పెట్టేశాక చాలాసేపు ఊఁ అనే అనుకుంటూ తిరిగాను. నేను ఐదో తరగతితో బడి మానేసినదాన్ని. తప్పులుంటే మీరే దిద్దుకుని చదవండి.

మీరు వదినకి పురుడు పోయడానికి వాళ్ళ ఊరు వెళ్ళినప్పటి నుంచి నాకు కాలు నిలవడం లేదు. ఆయన పొద్దున్నే బస్సెక్కి వెళ్ళిపోతారు. వంటగదిలోకి వెళ్తాను, ఎందుకు వచ్చానో మర్చిపోయి వెనక్కి వస్తాను. కిటికీ దగ్గర నిలబడితే వీధి చివర స్టాపు కనబడుతుంది. వచ్చిన ప్రతి బస్సులోనూ కండక్టరు ఆయనేనేమో అని చూస్తాను. అది ఆయన వెళ్ళే దారి కాదని తెలుసు, అయినా చూస్తాను. మీ కుర్చీలో నేను కూర్చోలేదు. దులిపి అలాగే ఉంచాను.

అడగవలసింది ఒకటుంది. నిన్న ఆయన వరండాలో కుండీలో ఉన్న క్రిస్మస్ చెట్టు చుట్టూ తిరిగి "డిసెంబరు వచ్చేస్తోంది. అమ్మ లేకుండా దీన్నెవరు కడతారు?" అన్నారు. అని నావైపు చూశారు. నేను తలుపు వెనక్కి జరిగాను. మా పుట్టింట్లో పండక్కి గుమ్మానికి కాగితం నక్షత్రం కట్టేవాళ్ళం, అంతే. చెట్టు కట్టడం నాకు రాదు. మీ బొమ్మలన్నీ మీరు చేత్తో చేసినవేనట, వాటిని ఎవరూ ముట్టుకోకూడదట. నేనేం చేయాలో రాయండి. మీరు వచ్చేదాకా ఆగమంటే ఆగుతాను.

మీ కోడలు


మీ వదిన ఇల్లు
నవంబరు

కోడలికి,

రెండు పేజీలు! మా ఇంటికొచ్చి ఏడాది కావస్తోంది, అన్ని మాటలు నీ నోటివెంట ఇంతవరకు వినలేదు. వాడు నిన్ను కూర్చోబెట్టి రాయించాడేమో అనుకున్నాను గాని వాడికి "అమ్మా బాగున్నావా" అని రాయడమే రాదు.

నా కుర్చీకి పూజలేమీ చేయనక్కర్లేదు. కూర్చో. అరిగిపోదు.

మీ వదిన బాగానే ఉంది. పొట్ట గుమ్మం దాటాక ఐదు నిమిషాలకి మనిషి దాటుతోంది. పురుడు డిసెంబరు మధ్యలో అంటున్నారు. నాకిక్కడ ఇంకో పని కూడా ఉంది, అది అయ్యేదాకా కదలడానికి లేదు. అందుకని నాకోసం ఆగొద్దు. అటక మీద రేకుపెట్టె ఉంది దించు. ఈసారి చెట్టు నీదే.

పాతబొమ్మలుతీసివేయి చెట్టుకి నీచేత్తో నాలుగుకొత్తవిచేసికట్టు

చేతకాదనకు. చేతులున్నాయి కదా. ఇక్కడ బల్ల ఊగుతోంది, పైగా కలం సిరా కక్కుతోంది, రాత బాగాలేదని నవ్వుకోకు. ఈసారి నీ అక్షరాలు కాస్త పెద్దవిగా రాయి. చీమలు బారు కట్టినట్టుంది.

అత్తయ్య


మన ఇల్లు
నవంబరు చివర

అత్తయ్యగారికి,

మీ ఉత్తరం చూశాక పెట్టె దించాను. ఆయన అప్పుడు ఒక కాలికి బూటు వేసుకుని రెండోది వెతుక్కుంటున్నారు. "అత్తయ్యగారు రాసినట్టే చేయనా?" అని అడిగాను. "మా అమ్మ రాసిందంటే ఇంక నన్నడగడమెందుకు? చెయ్యి" అని రెండో బూటు దొరగ్గానే వెళ్ళిపోయారు.

అలాగే చేశాను. పెట్టె ఖాళీ అయింది. చేస్తుంటే నాకు మనసు అదోలా అయిపోయింది. ఎందుకని మిమ్మల్ని అడగాలనుకున్నాను గాని పెద్దవాళ్ళు ఏదో ఆలోచించే చెప్తారు అనుకుని ఊరుకున్నాను.

కొత్తవి మొదలుపెట్టాను. ఆయన జేబుల్లో పాత టికెట్ల కట్టలు చాలా ఉన్నాయి. వాటిని మడిచి ఒకదానిలో ఒకటి దూర్చి గొలుసు అల్లాను. మీ కుట్టు బుట్టలో పీలికలతో బొటనవేలంత జోడు బూట్లు కుట్టాను. ఒకటి పెద్దదయింది, ఒకటి చిన్నదయింది. కాగితంతో ఒక గాలిమర, సీసా మూతలతో ఒక తాబేలు. తాబేలుకి తోక ఉండాలా వద్దా తెలియక పెట్టి తీసేశాను, మళ్ళీ పెట్టాను.

కింది వాటాలో పసిపిల్లల బడి పెట్టిన టీచరమ్మ వచ్చి, పిల్లల ఆటకి పనికిరాని సామానేమైనా ఉందా అని అడిగారు. ఆవిడతో నేను నాలుగు మాటలు మాట్లాడాను. మీరు ఉంటే ఆశ్చర్యపోయేవారు.

అక్షరాలు పెద్దవిగానే రాశాను. సరిపోయాయా?

మీ కోడలు


మీ వదిన ఇల్లు
డిసెంబరు మొదటి వారం

పిట్టా,

ఇకనుంచి నిన్నిలాగే పిలుస్తాను. గొంతు పిట్టంత, తోక పెట్టి తీసి మళ్ళీ పెట్టే బుద్ధీ పిట్టదే. తాబేలుకి తోక ఉంటుంది. ఉంచు.

ఆ టీచరమ్మ దగ్గర జాగ్రత్త. మంచి మనిషే గాని ఆవిడ కంటపడ్డ వస్తువు మళ్ళీ మన కంటపడదు. పోయినసారి నా జల్లెడ పట్టుకెళ్ళి పిల్లల చేత వర్షం కురిపించింది. అవునని మాత్రం అనకు.

ఇంక చెట్టు సంగతి చెప్పు. పిచ్చుకని ఏ కొమ్మకి వేశావు? కిటికీ వైపు వేయాలి. దాని ఒక రెక్క తిరగబడి ఉంటుంది, అది గోడవైపు పెట్టు. మీ ఆయన కడుపులో ఉన్నప్పుడు కుట్టాను దాన్ని, నిద్ర తూగుతూ కుట్టి రెక్క తలకిందులు చేశాను. గుండీల గంట కింది కొమ్మకి వేయి, గాలికి చప్పుడవ్వాలి. అగ్గిపెట్టె ఇల్లు మీ వదిన చిన్నప్పటిది, దానికి తలుపుంది, మూసి వేయి. రేకు నక్షత్రం మీ మామయ్యగారు రంగు డబ్బా మూత కత్తిరించి చేశారు. అది చిటారున. అంచు తగిలితే వేలు తెగుతుంది, ఆయన వేలే తెగింది.

ఇంక గుడ్డు చందమామ. దాన్ని అందరికంటే ఆఖరున వేయి. కోడిగుడ్డు పెంకు అది, మీ మామయ్యగారు లోపలిదంతా ఊదేసి ముఖం గీసింది. మీ ఆయన ముందు దాన్ని చూసుకుని తర్వాతే మిగతా చెట్టు చూస్తాడు, చిన్నప్పటి నుంచీ అంతే. దాన్ని మాత్రం వాడి చేతికిచ్చి వేయించు.

అన్నీ ఎలా ఉన్నాయో వివరంగా రాయి. నాకిక్కడ కూర్చుంటే తోచదు, లేస్తే ఏదో ఒకటి తన్నుకుంటాను.

అత్తయ్య


మన ఇల్లు
డిసెంబరు

అత్తయ్యగారికి,

ఉత్తరం అందింది. చెట్టు ఇంకా లోపలికి తేలేదు. కుండీ బరువు, ఆయనకి సెలవు దొరకలేదు. దొరకగానే తెస్తాం. మీరు చెప్పినవన్నీ గుర్తుపెట్టుకున్నాను. వదినకి జాగ్రత్త.

మీ కోడలు


మీ వదిన ఇల్లు
డిసెంబరు మధ్యలో

పిట్టా,

మీ వదినకి ఆడపిల్ల. తల్లీ పిల్లా బాగున్నారు. పిల్లకి గొంతు దండిగా ఉంది, నీకు కాస్త అప్పివ్వచ్చు.

నీ ఉత్తరం నాలుగు ముక్కలేమిటి? ఏం జరిగింది? కుండీ పగిలిందా? చెట్టు ఎండిందా? వాడు నిన్నేమైనా అన్నాడా? అనుంటే చెప్పు, ఇక్కణ్ణుంచే చెవి మెలేస్తాను. కుండీ బరువని ఎప్పుడూ ఆగలేదు వాడు, పదో ఏటి నుంచి ఈడ్చుకొచ్చేవాడు. నువ్వేదో దాస్తున్నావు. ఫోను చేస్తే ఊఁ అంటావు, ఉత్తరం రాస్తే జాగ్రత్త అంటావు. నాకు నిద్ర పట్టడం లేదు. ఉన్నది ఉన్నట్టు రాయి.

అత్తయ్య


మన ఇల్లు
పండక్కి వారం ముందు

అత్తయ్యగారికి,

ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను. ఇది మీరొక్కరే చదవండి.

మీ బొమ్మలు చెట్టు మీద లేవు. అవి ఇచ్చేశాను. మీరు తీసివేయమన్నారని అనుకున్నాను.

మీ మొదటి ఉత్తరంలో ఆ మాటలన్నీ ఒకదాన్నొకటి అంటుకుని ఉన్నాయి, మధ్యలో చుక్క లేదు. నేను "పాత బొమ్మలు తీసివేయి" దగ్గర ఆగాను. ఆ తర్వాత "చెట్టుకి నీ చేత్తో నాలుగు కొత్తవి చేసి కట్టు" అని చదివాను. మీరు రాసింది "పాత బొమ్మలు తీసి, వేయి చెట్టుకి" అని. పిచ్చుకని ఏ కొమ్మకి వేశావని మీరు అడిగినప్పుడు తెలిసింది నాకు. మేమంతా చెట్టుకి కడతాం అంటాం, మీరు వేస్తాం అని కూడా అంటారని నాకు తెలియదు. ఆ ఉత్తరం చేత్తో పట్టుకుని గదిలోంచి గదిలోకి ఎన్నిసార్లు తిరిగానో. పొయ్యి మీద పాలు పొంగిపోయాయి. వాసన వచ్చినా అది మన ఇంట్లోదని తోచలేదు.

పారేయలేదు, అదొక్కటే. పారేయడానికి చేతులు రాక టీచరమ్మకి ఇచ్చాను. పిల్లలు ఆడుకుంటారనుకున్నాను. మీరు ఆవిడ సంగతి రాసేసరికి బొమ్మలన్నీ ఆవిడ చేతికి వెళ్ళిపోయాయి.

కిందికి పరిగెత్తాను. "అయ్యో, పంచేశానమ్మా! పిల్లలు ఎంత సంబరపడ్డారో, తలొకటి పట్టుకుని ఇళ్ళకి వెళ్ళిపోయారు" అన్నారు. ఎవరి ఇల్లెక్కడో వేలు పెట్టి చూపించారు. నేను పరాయి వాళ్ళ గుమ్మం ముందు ఎప్పుడూ నిలబడలేదు. మొదటి ఇంటి దాకా వెళ్ళి, లోపల మాటలు వినబడితే వెనక్కి వచ్చేశాను. మెట్ల మీద కూర్చుని మళ్ళీ లేచి వెళ్ళాను. తలుపు కొట్టాను. అది దర్జీ ఇల్లు. వాళ్ళావిడ తలుపు తీసి "ఎవరు కావాలండీ?" అంది.

"పిచ్చుక" అన్నాను.

"ఏ పిచ్చుక?"

"రెక్క తలకిందులుగా ఉంటుంది."

ఆవిడ లోపలికి తిరిగి "ఏవండీ, ఎవరో అమ్మాయండీ, వాళ్ళ పిచ్చుక ఎగిరిపోయిందట, మన ఇంట్లో వెతుకుతోంది, కాస్త మంచినీళ్ళు తెండి" అని కేకేసింది. నాకు ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. కాసేపటికి విషయం తెలిశాక ఆవిడే పిల్ల దగ్గర్నుంచి పిచ్చుకని బతిమాలి తీసుకొచ్చింది. పిల్ల ఊరుకోలేదు. అప్పుడు నేను కుట్టిన జోడు బూట్లు ఇచ్చాను. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది కదా. "అమ్మకొకటి, నాకొకటి" అని తీసుకుంది.

గుండీల గంట సెలూన్ ఆయన దగ్గర ఉంది. కొట్టు తలుపుకి కట్టేశారు. "అమ్మా, ఇది మోగితేనే నాకు జనం వచ్చినట్టు తెలుస్తోంది. ఇన్నాళ్ళూ వెనక కూర్చుని కునుకు తీస్తుంటే వచ్చినవాళ్ళు వెళ్ళిపోయేవారు. ఇప్పుడు ఇచ్చేయమంటే ఎలా?" అన్నారు. సీసా మూతల తాబేలు తెచ్చి తలుపుకి కట్టి చూపించాను. దాని మోత ఇంకా ఎక్కువ. "ఇదైతే చచ్చినవాడూ లేస్తాడు" అని గంట ఇచ్చేశారు. రేకు నక్షత్రం టీచరమ్మే ఉంచుకున్నారు. పిల్లల చేతులు తెగుతాయని ఇవ్వలేదట. దానికి బదులు గాలిమర ఇచ్చాను. చిన్నా చితకా ఇంకొన్ని టికెట్ల గొలుసుని ముక్కలు చేసి ఇచ్చి తెచ్చుకున్నాను. మీరు చేయమన్న నాలుగు కొత్తవీ అలా వెళ్ళిపోయాయి.

అగ్గిపెట్టె ఇల్లు రాలేదు. అది పట్టుకెళ్ళిన పిల్ల అందులో ఒక పురుగుని పెట్టి తలుపు మూసింది. దానికి ఆకులు వేస్తోంది. "అద్దెకున్నవాళ్ళని పండగపూట ఖాళీ చేయించమంటావా?" అని వాళ్ళమ్మ నవ్వింది. నాకు గట్టిగా అడగడం చేతకాలేదు.

గుడ్డు చందమామ పగిలిపోయింది. ఇచ్చిన రోజే, బడి గదిలోనే. టీచరమ్మ ముక్కలు ఏరి కాగితంలో పొట్లం కట్టి ఉంచారు. అవి నా దగ్గర ఉన్నాయి. అతికిద్దామని కూర్చున్నాను, జిగురు తగిలితే మెత్తబడి ఇంకా విరిగాయి. బొమ్మలు ఇచ్చేసిన సంగతి ఆయనకి తెలుసు, ఇది పగిలిన సంగతి చెప్పలేదు. ఇంకా దొరకలేదని చెప్పాను. ఆయన "మిగతావి పోతే పోనీ, నాన్న చందమామ దొరకాలి" అని రోజూ వస్తూనే అడుగుతున్నారు. బస్సు చప్పుడు వింటే చాలు వంటింట్లోకి వెళ్ళిపోతున్నాను.

ఇంకొకటి. ఇది అడగవచ్చో లేదో తెలియదు. మీ ఉత్తరాలు మూడూ మంచం మీద పక్కపక్కన పరిచాను. మొదటిదాంట్లో మాటలు అంటుకున్నాయి. రెండోదాంట్లో వరసలు కిందికి జారాయి. మూడోదాంట్లో ఒక వరస మీద ఇంకో వరస ఎక్కింది. మీరు షర్టుల ఫ్యాక్టరీలో గుండీలు కుట్టిన మనిషి. మీ కుట్టు గీత గీసినట్టు వెళ్తుంది. అలాంటి చెయ్యి గీతల కాగితం మీద దారి తప్పదు. అక్షరాలు పెద్దవి రాయమంటే మీకు కోపం వచ్చిందనుకున్నాను. లేస్తే ఏదో తన్నుకుంటాను అంటే విసుగనుకున్నాను. అత్తయ్యగారూ, మీకు కనబడడం లేదా?

ఆయనతో అన్నాను. ఆయన వదినకి ఫోను చేసి చాలాసేపు విన్నారు. పెట్టేశాక ఏమీ తినలేదు. తర్వాత "అయితే నువ్వు వీధులన్నీ తిరగడం దేనికి? ఏవో నాలుగు కట్టెయ్యి. అమ్మకేం తెలుస్తుంది?" అన్నారు. చెడ్డ మనసుతో అనలేదు, నా కాళ్ళు చూసి అన్నారు. కాని నాకు అది నచ్చలేదు. మీకు కనబడదు కదా అని నేను వేరేవి తగిలించి, ఇవే అవి అని మీ చేతికి ఇవ్వలేను. తిట్టండి. ఫోను చేసి తిట్టినా సరే, ఊఁ అనకుండా వింటాను.

మీ కోడలు


మీ వదిన ఇల్లు

పిట్టా,

ఒక అట్టముక్క అడ్డం పెట్టుకుని, దాని అంచు తడుముకుంటూ, ఒక్కో వరసకీ కిందికి జరుపుకుంటూ రాస్తున్నాను. ఒత్తులన్నీ అట్ట కిందికి పోతున్నాయి, వాటిని నువ్వే చేర్చుకుని చదువుకో. మీ వదిన రాసిపెడతానంది. ఇది దానికి చెప్పి రాయించేది కాదు.

నీమీద కోపం లేదని రాయను. ఉంది. నీ ఉత్తరం ముక్కుకి ఆనించుకుని చదివి, మంచం మీద పడుకుని గోడ వైపు తిరిగాను. పిల్ల ఏడుస్తున్నా లేవలేదు. తర్వాత ఆ దర్జీ భార్య గుర్తొచ్చింది. పిచ్చుక కోసం మంచినీళ్ళు తెమ్మందా! ఒక్కదాన్నే నవ్వుకున్నాను. మీ వదిన వచ్చి జ్వరం చూసింది.

నా కళ్ళ మాట నిజమే. పొరలు కమ్మాయి. ఎప్పటి నుంచో. గుండీలు కంటితో చూసి కాక వేలితో తడుముకుంటూ కుట్టేదాన్ని, ఎవరూ కనిపెట్టలేదు. ఒక కంటికి ఆపరేషన్ చేశారు, కట్టు ఉంది. అది వస్తుందంటున్నారు. రెండోదాని మాట అడిగితే డాక్టరు గొంతు సవరించుకుంటున్నాడు. మీకు చెప్తే వాడు బస్సు వదిలేసి వస్తాడు, నువ్వు తలుపు వెనక నిలబడి ఏడుస్తావు. అందుకే చెప్పలేదు. నిన్ను కొత్తవి చేయమన్నది నీ చేతులు ఎలాంటివో తెలుసుకుందామని. ఎందుకో చెప్తాను.

చందమామ గురించి ఏడవకు. అది మీ మామయ్యగారు చేసింది కాదు.

ఆయన చేసింది ఆయన పోయిన ఏడాదే పగిలిపోయింది. చెట్టుకి వేస్తుంటే నా చేతిలోనే. మీ ఆయన అప్పుడు చిన్నవాడు, పక్క గదిలో ఉన్నాడు. తండ్రి పోయాక అప్పటిదాకా నోరు విప్పనివాడు ఆ పూటే మొదటిసారి "అమ్మా, చందమామ వేశావా?" అని అడిగాడు. వేస్తున్నా నాన్నా అన్నాను. వాణ్ణి ఏదో పని చెప్పి బయటికి పంపించి, వంటింట్లోకి వెళ్ళి ఇంకో గుడ్డు ఊదాను. వాడు చూసి నవ్వాడు. అంతే, ఇంక చెప్పడానికి వీలు లేకపోయింది. గుడ్డు పెంకు ఎన్నాళ్ళుంటుంది? ఒక ఏడు పగిలేది, ఒక ఏడు వెలిసేది. పగిలినప్పుడల్లా ఇంకోటి చేసేదాన్ని. మీ వదినకీ తెలియదు. అమ్మకేం తెలుస్తుంది అన్నాడా వాడు? వాడికేం తెలుసో చూడు మరి.

ఈ ఏడు ముఖం గీయబోతే ముక్కు చెంప మీదికి వెళ్ళింది. పాతది వెలిసిపోయి ఉంది. ఇంక ఇది ఎవరి చేత చేయించాలని దిగులు పట్టుకుంది. అది కూడా ఒక కారణం నేను ఇక్కడికి పరిగెత్తడానికి.

ఇప్పుడు విను. తెల్ల గుడ్డు తీసుకో, చిన్నది. సూదితో రెండు కొసలా చిల్లు పెట్టు, కిందిది కాస్త పెద్దది. సూది లోపల తిప్పి పచ్చసొన చిదుము, లేకపోతే రాదు. బుగ్గలు ఉబ్బించి ఊదకు, పెదవులతో ఊదు. కడిగి ఒక పూట ఆరనివ్వు. పసుపురంగు పల్చగా వేయి. కళ్ళు మూసుకుని ఉంటాయి, నవ్వు ఎడమవైపుకి ఎక్కువ. ముఖ్యమైంది చెప్తున్నాను. కుడి చెంప మీద నీలం చుక్క ఒకటి పెట్టు. మీ మామయ్యగారి కుంచెలోంచి జారిపడ్డ చుక్క అది. ప్రతిసారీ నేను దాన్ని జారినట్టే పెట్టాను, గుండ్రంగా కాదు, కిందికి కాస్త సాగినట్టు. అది లేకపోతే వాడు కనిపెట్టేస్తాడు.

పాత పెంకులు చెట్టు కుండీలో వేసెయ్. ఈసారి తీసివేయి అంటే నిజంగా తీసివేయమనే.

అగ్గిపెట్టె ఇల్లు ఆ పురుగునే ఉండనీ.

వాడికి చెప్పకు.

అత్తయ్య


మన ఇల్లు
పండగ మర్నాడు

అత్తయ్యా,

ఇది మీరే చదవాలని వేలంత అక్షరాలతో రాస్తున్నాను. కాగితాలన్నీ అయిపోయేలా ఉన్నాయి. మాటకీ మాటకీ మధ్య చెయ్యి పట్టేంత చోటు వదిలాను.

మొదటి గుడ్డు సూది పెట్టగానే చిట్లింది. రెండోది ఊదుతుంటే నా ముఖం మీదే పేలింది. మూడోది బాగానే వచ్చింది గాని ఆరబెట్టిన చోటు నుంచి దొర్లింది. ఆయన వరసగా పూటపూటకీ కంచంలో గుడ్డు చూసి "ఏంటి, అమ్మ లేదని కోళ్ళు పెంచుతున్నావా?" అన్నారు. నాకు వంట చేస్తున్నా చేతిలో కుంచె ఉన్నట్టే ఉండేది. మీ రాతలో ఒత్తులు చేర్చుకుంటూ ఎన్నిసార్లు చదివానో, నీలం చుక్క దగ్గరికి వచ్చేసరికి కుంచె పక్కన పెట్టేసేదాన్ని. కావాలని జారినట్టు పెట్టడం ఎంత కష్టమో మీకు తెలుసు. ఒకసారి గుండ్రంగా వచ్చింది, తుడిచాను. ఇంకోసారి కన్నీటి బొట్టులా వచ్చింది, తుడిచాను. చివరికి దర్జీవాళ్ళావిడ గుమ్మంలోంచి "పిచ్చుకమ్మా, ఉన్నావా?" అని కేకేస్తే ఉలిక్కిపడ్డాను. చుక్క జారింది. అదే సరిగ్గా కుదిరింది.

ఆవిడ ఊరికే రాలేదు. పిల్లని తీసుకొచ్చింది. పిచ్చుకని ఏ కొమ్మకి వేశామో చూడాలట. సెలూన్ ఆయన కూడా వచ్చి గుండీల గంట ఒకసారి మోగించి, తన తాబేలే నయమని చెప్పి వెళ్ళారు. అగ్గిపెట్టె ఇంటి పిల్ల పురుగుని తెచ్చి చెట్టు చూపించింది. ఇంతమంది నా ఇంటికి వచ్చారు. నా ఇంటికి అని రాశాను, కొట్టేయడం లేదు. మీ కుర్చీలో కూర్చున్నాను.

అన్నీ వేశాక ఆయన వచ్చారు. నిజమే, ముందు చందమామ కోసమే చూశారు. నేను కొంగు చాటు నుంచి తీసి చేతికిచ్చాను. "ఎక్కడ దొరికింది?" అన్నారు. టీచరమ్మ దాచి ఉంచారని చెప్పాను. చెప్పేటప్పుడు నా నోరు తడబడలేదు, అది నాకే భయమేసింది. ఆయన దాన్ని దీపం దగ్గరికి తీసుకెళ్ళి అటూ ఇటూ తిప్పారు. నేను నిలబడలేక వెళ్ళి కిటికీ మూశాను, మళ్ళీ తెరిచాను, చెట్టు చుట్టూ కింద రాలిన ఆకులు ఏరాను, ఏరినవి మళ్ళీ కింద పడేశాను.

మీ కట్టు ఎప్పుడు విప్పుతారో ఆ రోజే ఫోను చేయించండి. మంచి మాటైనా కాకపోయినా ముందు నాకే చెప్పండి. చెట్టు అప్పటిదాకా తీయం. కంటికి కనబడకపోయినా మీ వేళ్ళకి అన్నీ తెలుస్తాయి. చందమామని తడిమినప్పుడు మాత్రం ఆయన ముందు నవ్వకండి.

ఆయన దాన్ని కొమ్మకి వేసి, నన్ను దగ్గరికి పిలిచారు. కుడి చెంప మీది నీలం చుక్క చూపించారు. "చూశావా? ఇది నాన్న చెయ్యి జారి పడ్డది. అచ్చం ఇలా ఇంకెవరూ పెట్టలేరు, తెలుసా?" అన్నారు.

నేను ఊఁ అన్నాను.

మీ పిట్ట